రోజూ తోముకుంటున్నా ఆరేడేళ్ళ పిల్లల దవడ పళ్ళు ఎందుకు పుచ్చుతాయి?

ప్రశ్న:
రెండో తరగతి పిల్లలకు పళ్ళ శుభ్రత గురించి చెప్పాలి. ముందు పళ్ళు తెల్లగానే ఉంటాయి, నోరు తెరిపిస్తే వెనక దవడ పళ్ళ మీద నల్ల గుంటలు. రోజూ తోముకుంటామనే అంటారు. లోపం ఎక్కడ?

జవాబు 1:
అది ఏ పన్నో ముందు చూడండి. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనకాల కొత్త దవడ పళ్ళు వస్తాయి, పైన రెండు, కింద రెండు. ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్ళు అవీ పాలపళ్ళే అనుకుంటారు. నిజానికి అవి జీవితాంతం ఉండాల్సినవి. పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది, అందాకా పక్క పన్ను కంటే పల్లంలో ఉంటాయి. బ్రష్‌ను ముందుకీ వెనక్కీ తోస్తే కుచ్చు వాటికి తగలకుండా దాటిపోతుంది. బ్రష్‌ను బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి ఒక్కో పన్నునీ విడిగా రుద్దాలి. పన్ను మీది గాడులు లోతుగా ఉంటే, పుచ్చకముందే డెంటిస్టు చేత సీలెంట్ (ఆ గాడులను మూసేసే పూత) పూయించడం మంచిది. దానికి ఇంజెక్షన్ అక్కర్లేదు.

జవాబు 2:
పేస్టు సంగతి కూడా చెప్పాలి. పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు) ఉన్నది, బఠాణీ గింజంత చాలు. రెండు నిమిషాలు తోమాక నురగ ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే పళ్ళ మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. నిద్రలో పళ్ళను కాపాడే లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రి తోమడం అస్సలు మానకూడదు. ఈ వయసులో చేతికి ఇంకా పట్టు రాదు, రాత్రిపూట పెద్దవాళ్ళే తోమాలి.

జవాబు 3:
తోమడం ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే. తీపి ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. తిన్న ప్రతిసారీ పాచిలోని బ్యాక్టీరియా ఆమ్లం చేస్తుంది. నోటిలో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే తగ్గితే పన్ను గట్టి పైపొర, అంటే ఎనామెల్, కరుగుతుంది. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఒకే చాక్లెట్‌ను నాలుగు ముక్కలు చేసి గంటకొకటి తింటే నాలుగుసార్లు దాడి. నిన్న ఎన్నిసార్లు తీపి తిన్నారో అన్ని గీతలు పిల్లల చేతే గీయించండి, వాళ్ళకే అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగం, ధన్యవాదాలండి. పాలపళ్ళు ఎలాగూ ఊడేవేగా అనే తల్లిదండ్రులకు ఏం చెప్పాలి?

జవాబు 1:
పాల దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాలని చెప్పండి. పుచ్చి ముందే తీయాల్సి వస్తే వెనక పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. తర్వాత రావాల్సిన పన్నుకు చోటు చాలక వంకరగా వస్తుంది, లేదా చిగురులోనే ఇరుక్కుపోతుంది.