అప్‌డేట్: మా బాబు చూపు మందగించడానికి కారణం తెలిసింది

మా నాలుగేళ్ల బాబుకు జుట్టు పలచబడి, నోటి చుట్టూ చర్మం ఎర్రగా పొక్కి, ఆపై చూపు కూడా మందగిస్తున్నదని, వీటన్నిటికీ ఒకే కారణం ఉండవచ్చా అని రెండు నెలల క్రితం అనంతపురం నుంచి అడిగాను. ఉన్నదని తేలింది. బెంగళూరులో చేయించిన రక్తపరీక్షలో బయోటినిడేజ్ అనే ఎంజైము పనితీరు మామూలు స్థాయిలో 10 శాతం కంటే తక్కువగా ఉంది. దీనిని తీవ్రమైన లోపంగా లెక్కిస్తారు.

ఆహారంలో ప్రొటీన్లకు అతుక్కొని ఉండే బయోటిన్ విటమిన్‌ను విడదీసేది, శరీరం ఒకసారి వాడుకున్నదానిని తిరిగి వాడకంలోకి తెచ్చేది ఈ ఎంజైమే కాబట్టి, అది లోపించినప్పుడు చర్మంతో పాటు కంటి నరం, వినికిడి కూడా దెబ్బతినవచ్చునని డాక్టరుగారు ఎంతో ఓపికగా వివరించారు. బాబుకు ఇప్పుడు రోజుకు 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఇస్తున్నాము, ఇది జీవితాంతం మానకూడదు. చర్మం బాగుపడింది, కొత్త జుట్టు వస్తున్నది. అయితే కంటి నరం ఇప్పటికే పాలిపోయి ఉన్నందున, పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చునని, ఉన్నదానిని కాపాడుకోవడమే ముఖ్యమని చెప్పారు. ఆ మాట ఇంకా మింగుడుపడడం లేదు.

మాది మేనరికం. లోపమున్న జన్యువు మా ఇద్దరిలోనూ ఒక్కొక్కటి ఉన్నందున ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఎనిమిది నెలల పాపకూ పరీక్ష చేయించగా ఆమెకూ ఉన్నదని తెలిసింది. లక్షణాలేవీ కనిపించకముందే మందు మొదలుపెట్టగలిగాము, కళ్లూ చెవులూ బాగున్నాయి.

బలానికని మా అత్తమ్మ బాబుకు పచ్చిగుడ్డు తాగించేవారు. పచ్చి తెల్లసొనలోని ఎవిడిన్ బయోటిన్‌ను పట్టి ఉంచుతుందని తెలిసినప్పటి నుంచి ఆవిడే గుడ్డును బాగా ఉడికించి పెడుతున్నారు.