పాటల చరిత్రలో వార్షికోత్సవానికి ఏ తేదీని పట్టుకోవాలి?

ప్రశ్న: తారీఖుల పెట్టె

అందరికీ నమస్కారం. జనాదరణ పొందిన సంగీతం చరిత్రలో చెప్పుకోదగిన రోజుల గురించి వారానికొకటి చొప్పున చిన్న వ్యాసాలు రాస్తున్నాను. తేదీ చూసి రాయడమే కదా, ఇందులో చిక్కేముంటుంది అనుకున్నాను గానీ, తీరా కూర్చున్నాక ఒక్కో పాటకు రెండేసి మూడేసి తేదీలు తేలుతున్నాయి.

బీటిల్స్ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' సంగతే చూడండి. అందులోని పద్నాలుగు పాటల్లో పదింటిని 1963 ఫిబ్రవరి 11న లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో ఒక్క రోజులోనే రికార్డు చేశారు. పొద్దున మొదలైన పని రాత్రి పది దాటేదాకా సాగింది. ఆ రోజు జాన్ లెనన్‌కు జలుబు. గొంతు బొత్తిగా పోతుందన్న భయంతో 'ట్విస్ట్ అండ్ షౌట్' పాటను ఆఖరికి అట్టిపెట్టారు. మొదటిసారి పాడినదే ఆల్బమ్‌లోకి వెళ్లింది; రెండోసారి ప్రయత్నించేసరికి ఆయన గొంతులో ఏమీ మిగల్లేదు. అయితే ఆ ఆల్బమ్ విడుదలైనది మార్చి 22న. ఈ రెండింటిలో నేను ఏ రోజున రాయాలి?

ఇంకొకటి. ఎల్విస్ ప్రెస్లీ 1954 జూలై 5న మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో 'దట్స్ ఆల్ రైట్' పాడిన రోజును రాక్ అండ్ రోల్ పుట్టినరోజు అని రాశాను. ఒక పాఠకుడు వెంటనే తప్పుపట్టారు. ఆ స్టూడియో యజమాని సామ్ ఫిలిప్స్ అదే గదిలో అంతకు మూడేళ్ల ముందే, 1951లో, 'రాకెట్ 88'ను రికార్డు చేశారనీ, మొదటి రాక్ రికార్డు అదేనని చాలామంది ఒప్పుకుంటారనీ ఆయన వాదన. ఇలాంటి చోట్ల మీరు ఏ పద్ధతి పాటిస్తారో చెప్పగలరు.

జవాబు 1: గ్రామఫోన్ ముల్లు

తారీఖుల పెట్టె గారూ, నేనైతే రికార్డింగ్ తేదీకే మొగ్గుతాను. కారణం భక్తి కాదు, కాగితం. పాత రోజుల్లో స్టూడియోలో ఎవరు వాయించారు, ఎన్ని గంటలు వాయించారు అన్నది రాసిపెట్టకపోతే వాద్యకారులకు డబ్బు లెక్కగట్టడం కుదిరేది కాదు. అమెరికాలో వాద్యకారుల సంఘం ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉండేది. అందువల్ల ఆ వివరాలు రాసిన షీట్లు మిగిలాయి. విడుదల తేదీకి అలాంటి అవసరం ఉండేది కాదు. సరుకు గిడ్డంగి నుంచి బయలుదేరి, ఒక ఊరిలో ఈ వారం, ఇంకో ఊరిలో పై వారం దుకాణాల్లోకి చేరేది. ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే రావాలన్న కట్టుబాటు 2015 జూలై 10 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందు బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం.

బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్' ఆల్బమ్ అధికారిక తేదీ 1967 జూన్ 1 అని పుస్తకాలన్నీ రాస్తాయి. నిజానికి బ్రిటన్‌లో దానిని తొందరపడి మే 26నే దుకాణాలకు వదిలారు. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ ఆల్బమ్ 'బ్లాండ్ ఆన్ బ్లాండ్' సంగతి ఇంకా విచిత్రం: 1966 మే 16 అన్న తేదీ దశాబ్దాల పాటు ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి ఎక్కుతూ వచ్చింది, తరవాత పరిశోధకులు పాత ప్రకటనలూ పత్రికలూ తిరగేస్తే ఆల్బమ్ జూన్ నెలాఖరుకు గానీ రాలేదని తేలింది. మే 16న నివాళి వ్యాసాలు రాసినవారిలో నేనూ ఒకణ్ణి, కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు.

రికార్డు మీద లేబుల్‌కూ, పాట ఆగిపోయే చివరి గాడికీ మధ్య ఉండే నున్నటి పట్టీని ఎప్పుడైనా దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూశారా? అక్కడ చేత్తో గీసిన అంకెలు, అక్షరాలు కొన్ని కనిపిస్తాయి. ప్రతులన్నిటికీ మూలమైన పళ్లెం (మాస్టర్) ఏ వరుసలో కోశారో, ఎన్నోసారి కోశారో అవి చెబుతాయి. రికార్డు ఏ రోజున జనం చేతికి వచ్చిందో మాత్రం చెప్పవు. వాటిని చూసి విడుదల తేదీ తేల్చేశామని రాసేవారిని నమ్మకండి.

మనుషుల పుట్టినరోజులూ ఇంతే. జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జూలై 4న పుట్టానని జీవితమంతా చెప్పుకున్నారు. ఆయన 1971లో పోయారు. 1980లలో న్యూ ఓర్లీన్స్‌లోని ఒక చర్చి జ్ఞానస్నానాల పుస్తకంలో అసలు తేదీ, 1901 ఆగస్టు 4, బయటపడింది. దాంతో ఆయన శతజయంతిని కొందరు 2000లో, కొందరు 2001లో జరుపుకున్నారు.

జవాబు 2: ఒప్పందపత్రం

పై మిత్రుడి మాటలతో పేచీ లేదు గానీ, యాభయ్యో ఏడు రాగానే పెట్టె సెట్లు (బాక్స్ సెట్లు), మునుపెన్నడూ విడుదల కాని రికార్డింగులు గుంపుగా ఎందుకు వస్తాయో కూడా తారీఖుల పెట్టె గారు గమనిస్తే బాగుంటుంది. అభిమానమే కారణమని చాలామంది అనుకుంటారు. ఐరోపాలో దాని వెనుక చట్టం ఉంది.

అక్కడ శబ్దముద్రణల మీద హక్కు యాభై ఏళ్లుండేది; విడుదలైన సంవత్సరం చివరి రోజు నుంచి లెక్క. కనుక 2004లో మెంఫిస్‌లో 'దట్స్ ఆల్ రైట్' స్వర్ణోత్సవం జరుపుకున్న ఏడాదే ఐరోపాలో ఆ రికార్డు మీద హక్కు ముగిసింది. 2005 జనవరి 1 నుంచి దానిని అక్కడ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కంపెనీల ఒత్తిడి మీద 2011లో గడువును డెబ్బై ఏళ్లకు పెంచారు, అది 2013 నవంబరు నుంచి అమలైంది. అప్పటికే గడువు దాటినవాటికి మాత్రం ప్రాణం తిరిగి రాలేదు. బీటిల్స్ మొదటి సింగిల్ 'లవ్ మీ డూ' 1962 అక్టోబరు 5న వచ్చింది కాబట్టి 2012తో జారిపోయింది. మర్నాటి ఏడాది జనవరిలో వచ్చిన రెండో సింగిల్ గట్టెక్కింది. మధ్య దూరం మూడు నెలలు.

ఇక విడుదల చేయకుండా అటకెక్కించిన రికార్డింగులకు మెలిక వేరు. రికార్డు చేసిన యాభై ఏళ్లలోగా వాటిని బయటపెట్టకపోతే ఈ పొడిగింపు వర్తించదు. అందుకే 2012 చివర్లో డిలన్ 1962 నాటి రికార్డింగులు ఐరోపాలో సుమారు వంద ప్రతులు మాత్రమే వచ్చాయి. పేరులోనే 'కాపీరైట్ పొడిగింపు' అని రాసుకున్నారంటే ఎంత మొహమాటం లేని పనో చూడండి. 2013 డిసెంబరులో బీటిల్స్ 1963 నాటి యాభై తొమ్మిది ట్రాకులు ఐట్యూన్స్‌లోకి వచ్చిందీ ఇందుకే. మీరు స్వర్ణోత్సవ సంచికల గురించి రాసేటప్పుడు విడుదలైన నెల చూడండి; డిసెంబరు అయితే అభిమానం కంటే క్యాలెండరు పాత్రే ఎక్కువై ఉండవచ్చు.

జవాబు 3: రెండు పళ్లేలు

రికార్డింగూ లేని, విడుదలా లేని వార్షికోత్సవం ఒకటుంది. 2023లో హిప్‌హాప్‌కు (లయకు తగ్గట్టు మాటలు పలికే ర్యాప్ ఇందులోదే) యాభై ఏళ్లు నిండాయని ప్రపంచమంతా వేడుక చేసింది. ఆధారం ఏమిటంటే, 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనం కింది అంతస్తులో సిండీ క్యాంప్‌బెల్ ఏర్పాటు చేసిన ఒక పార్టీ. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలన్నది ఆమె ఆలోచన. ఆహ్వానాలు చేత్తో రాసిన కార్డులు. అమ్మాయిలకు ఇరవై ఐదు సెంట్లు, అబ్బాయిలకు యాభై. రికార్డులు వేసింది ఆమె అన్నయ్య, డీజే కూల్ హెర్క్. పాటలో గాయకుడు ఆగి డప్పులు మాత్రమే మోగే ముక్కను పట్టుకుని, దానినే సాగదీసి జనాన్ని ఆడించడం ఆయన పద్ధతి. దేశమంతా వినిపించిన మొదటి ర్యాప్ రికార్డు రావడానికి ఇంకా ఆరేళ్లు పట్టింది.

దీనిని పుట్టినరోజు అనడం ఒప్పా అంటే, ఆ మాటను నేను ఒప్పుకోను. ఆ ఆటపాటలు ఆ రాత్రే ఆకాశం నుంచి ఊడిపడలేదు. అయినా ఆ తేదీని వదిలేయమని చెప్పలేను, ఎందుకంటే ఆ రోజు ఏం జరిగిందో, ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో అంతా తెలుసు. 'పుట్టింది' అన్న క్రియను తీసేసి జరిగినదాన్ని రాయండి, చాలు. రాక్ విషయంలో మీ పాఠకుడితో పేచీ కూడా అక్కడే తీరిపోతుంది.

మరో చిన్న మాట. మరణాల విషయంలో ఘటన జరిగిన చోటి గడియారాన్నే నమ్మండి. లెనన్‌ను న్యూయార్క్‌లో కాల్చినది 1980 డిసెంబరు 8 రాత్రి. లండన్‌లో అప్పటికే 9వ తేదీ తెల్లవారుజాము. అన్నట్టు, దయచేసి ఎవరూ 'వర్ధంతి శుభాకాంక్షలు' అని శీర్షిక పెట్టకండి. గత నెలలో అలాంటివి రెండు చూశాను.

తారీఖుల పెట్టె (అడిగినవారు)

ముగ్గురికీ ధన్యవాదాలు. నా పట్టికలో 'తేదీ' అని ఒకే గడి ఉండేది. ఇప్పుడు దానిని రికార్డింగ్, విడుదల, ప్రదర్శన అని మూడుగా చీల్చాను. 'ప్లీజ్ ప్లీజ్ మీ' గురించి ఫిబ్రవరి 11నే రాస్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఆ గొంతు గురించి. ఎల్విస్ వ్యాసంలో 'రాక్ అండ్ రోల్ పుట్టినరోజు' అన్న శీర్షిక తీసేసి, 'సన్ స్టూడియోలో ఎల్విస్ దట్స్ ఆల్ రైట్ పాడిన రోజు' అని మార్చాను. 'రాకెట్ 88' ఆ గదిలోనే రికార్డయిందన్న సంగతిని మొదటి పేరాలోకి తెచ్చి, తప్పుపట్టిన పాఠకుడికి జాబు రాశాను.

రోలింగ్ స్టోన్స్ బృందం దగ్గర మాత్రం ఇంకా తటపటాయిస్తున్నాను. లండన్‌లోని మార్కీ క్లబ్బులో వారి మొదటి ప్రదర్శన 1962 జూలై 12. డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ చేరింది మర్నాటి ఏడాది జనవరిలో. ఆయన లేని బృందాన్ని లెక్కలోకి తీసుకోవడం బృందంలో గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌కే ఇష్టం లేదు. ప్రస్తుతానికి ప్రదర్శన గడిలో జూలై 12 వేసి, పక్కన 'చార్లీ ఇంకా రాలేదు' అని రాసుకున్నాను.