సంచికలు ఫోటోలుగా ఉంటే చాలా?

రుషికుల్య: బరంపురం తెలుగు సంఘం పత్రిక పాత సంచికలన్నీ వెబ్‌సైటులో పెట్టారు, సంతోషం. కానీ ప్రతి పేజీ ఫోటోయే. నాకు పుట్టుకతో చూపు లేదు. తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌విడిఏ ‘గ్రాఫిక్’ అని ఆగిపోతోంది. దయచేసి కంప్యూటరు చదవగలిగే అక్షరాలుగా, యూనికోడ్‌లో పెట్టండి.

పాతముద్రణ: రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని స్కాన్ చేశాం, పైసా తీసుకోలేదు. కావాలంటే ఫోన్ చెయ్యండి, చదివి వినిపిస్తాను.

రుషికుల్య: మీ కష్టాన్ని తక్కువ చెయ్యను మాష్టారూ. రాత్రి పదకొండుకు కథ చదవాలనిపిస్తే మిమ్మల్ని లేపాలా? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. ఖాతాకి చేసే గుర్తింపు తనిఖీలో, అదే కెవైసీలో, కెమెరా ముందు కళ్లు ఆర్పమనడం మీద వచ్చిన తీర్పది. ఒక బ్యాంకు నన్నూ కళ్లు ఆర్పమంది. మూడుసార్లు తిరిగి ఖాతా లేకుండా వచ్చాను.

మహేంద్రగిరి: బ్యాంకు గొడవ ఇక్కడెందుకండీ?

పాతముద్రణ: అదే నేనూ అడుగుతున్నా. చట్టాలు సర్కారుకి. మనది చందాల సంఘం.

రుషికుల్య: 2016 వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ చదవండి. ప్రైవేటు సేవలకీ వర్తిస్తుంది.

పాతముద్రణ: నాకు సెక్షన్లు చెప్పకండి! నలభై ఏళ్ల సంచికలు టైపు చేసేదెవరు?

డిటిపి బాబు: చివరి పదిహేనేళ్లవి నేనే ‘అను’ ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని పాత ఫాంట్లలో, కంపోజ్ చేశాను, ఫైళ్లున్నాయి. ఉన్నవున్నట్టు కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. కన్వర్టర్‌లో వేసి ఒత్తులు దిద్దుకుంటే చాలు. అంతకుముందువి ఓసీఆర్ చెయ్యాలి, అంటే ఫోటోలోంచి అక్షరాలు రాబట్టాలి, అది పెద్ద పని.

పర్లాకిమిడి పిల్ల: నాకు కళ్లు బాగానే ఉన్నాయి. ఇంట్లో తెలుగే, బడిలో ఒడియా. తెలుగు చదవడం రాదు. ఇదీ ఫోనుకి నోటితో చెప్పి రాయిస్తున్నాను, మీ జవాబులు అదే చదివి పెడుతోంది. మా తాత కథ ఆ సంచికల్లో ఉందట. నేనూ వింటాను.

పాతముద్రణ: ఇదిగో, నా భయం ఇదే! 1936లో ఒడిశా ఏర్పడి మనం మద్రాసు నుంచి విడిపోయాం. తర్వాత తెలుగు బడులు తగ్గాయి. చేతిలో మిగిలింది లిపి. అన్నీ ఫోనే చదివిపెడితే మీ పిల్లలు అఆలు దిద్దుతారా?

రుషికుల్య: ఈ మాట మొదటే చెప్పాల్సింది. నేనూ అఆలు దిద్దినవాణ్నే, వేళ్లతో. బ్రెయిలీలో ‘క’ అంటే 1, 3 చుక్కలు. యూనికోడ్ పాఠమైతే బ్రెయిలీ డిస్‌ప్లే మీద నా వేళ్లకి అక్షరమై తగులుతుంది. ఫోటోలో నాకు లిపి ఎక్కడుంది మాష్టారూ?

పర్లాకిమిడి పిల్ల: వింటూ అక్షరం వెంట వేలు పెట్టుకుంటే నాకూ వస్తుందేమో తాతగారూ.

పాతముద్రణ: బాబూ, ఒక సంచిక ఫైలు పంపు. ఒత్తులు నేను చూస్తాను. స్కాన్లు మాత్రం తీసేది లేదు.

రుషికుల్య: తియ్యమని నేనెప్పుడన్నాను?