ఐఎన్ఆర్ 1.8 ఉన్న నాన్నకి రక్తం పల్చబడే ఇంజెక్షనా? ఎవరైనా కాస్త చెప్పండి

గుంటూరు_అబ్బాయి:
నమస్తే అందరికీ. మా నాన్నకి 61, హెపటైటిస్ సి వల్ల సిరోసిస్. మందులు వాడాక వైరస్ అయితే పోయింది గానీ లివర్ అప్పటికే గట్టిపడిపోయింది. పోయిన వారం డాప్లర్ స్కాన్ తీస్తే పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్‌లో గడ్డ ఉందన్నారు, ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన నరాలకి బ్యాండ్లు వేశారు, ఇప్పుడేమో రక్తం పల్చబడే ఎనోక్సాపారిన్ ఇంజెక్షన్ రాశారు. ఆయన ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క) 1.8, ప్లేట్‌లెట్స్ 70 వేలు, మొన్న గడ్డం గీసుకుంటుంటే చిన్న గాటు పడి పావుగంట సేపు తువ్వాలు అదిమిపట్టుకుని కూర్చున్నాడు, అలాంటి మనిషికి మళ్లీ పల్చబడే మందా? అడిగితే "గడ్డకట్టే ప్రోటీన్లు లివర్‌ని కూడా పాడుచేస్తాయి" అని ఒక్క ముక్క చెప్పారు, అంతే. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు.

గ్యాస్ట్రో_పీజీ:
బ్రదర్, మీ భయం న్యాయమైనదే, చదువుకునే రోజుల్లో మేమూ అలాగే అనుకునేవాళ్లం. గడ్డకట్టించే ప్రోటీన్లు ఎక్కువ భాగం లివరే తయారుచేస్తుంది, అవి తగ్గితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. కానీ గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్ సి, యాంటీథ్రాంబిన్ కూడా లివరే చేస్తుంది, అవీ తగ్గిపోతాయి, ఆ సంగతి ఐఎన్ఆర్‌లో కనపడదు, ఎందుకంటే ఆ లెక్క పెట్టిందే వార్ఫరిన్ అనే రక్తం పల్చబడే గోలీ వాడేవాళ్ల డోసు చూసుకోడానికి. పైగా గడ్డకట్టించే ఇంకో ప్రోటీన్ ఫ్యాక్టర్ 8 రక్తనాళాల లోపలి పొరలో తయారవుతుంది కాబట్టి సిరోసిస్‌లో అది తగ్గకపోగా పెరుగుతుంది. అంటే తక్కెడలో రెండు పక్కలా బరువు తీసేసినట్టు, ముల్లు మధ్యలోనే ఉంటుంది గానీ కొంచెం కదిలినా ఎటైనా ఒరిగిపోతుంది. ఇటలీలో ట్రిపోడి, మన్నుచ్చి వాళ్లు 2005లో ఇదే చూపించారు.

ఇక మీ డాక్టర్ అన్న మాట. గడ్డకట్టించే ప్రోటీన్లలో ముఖ్యమైన థ్రాంబిన్ పని గడ్డ కట్టించడంతో అయిపోదు. లివర్‌లో విటమిన్ ఎ దాచుకునే స్టెల్లేట్ కణాలుంటాయి, వాటి మీద పార్-1 అనే రిసెప్టర్‌ని థ్రాంబిన్ కోస్తుంది, అప్పుడవి నెమ్మదితనం వదిలేసి కొలాజెన్ పోగుచేయడం మొదలుపెడతాయి, మచ్చ కట్టేది ఆ కొలాజెనే. పార్-1 లేని ఎలుకల్లో మచ్చ తక్కువ పడింది. మనుషుల్లో చూస్తే, ఫ్యాక్టర్ 5 లైడెన్ అని గడ్డలు ఎక్కువ కట్టే జన్యులోపం ఉన్న హెపటైటిస్ సి పేషెంట్లలో లివర్ త్వరగా గట్టిపడిందని 2003లో బ్రిటన్ నుంచి వచ్చింది. చిన్న చిన్న నాళాలు మూసుకుపోయి అక్కడి కణాలు చచ్చిపోవడం ఇంకో దారి.

విజయవాడ_లక్ష్మి:
డాక్టర్ గారూ, నాకు ఫ్యాటీ లివర్, లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 9 వచ్చింది. మరి నేనూ ఈ ఇంజెక్షన్ అడగొచ్చా?

గ్యాస్ట్రో_పీజీ:
వద్దమ్మా, దయచేసి సొంతంగా ఏదీ మొదలుపెట్టొద్దు. 2012లో ఇటలీ వాళ్లే 70 మంది సిరోసిస్ పేషెంట్లలో సగం మందికి 48 వారాలు రోజూ ఎనోక్సాపారిన్ ఇచ్చారు, వాళ్లలో పోర్టల్ గడ్డలు రాలేదు, పొట్టలో నీరు చేరడం లాంటివీ తగ్గాయి. చాలా ఆశ కలిగించే ఫలితమే, కానీ 70 మందిని చూసి అందరికీ రాయలేం. మచ్చ తగ్గించే మందుగా దీన్ని ఇవ్వట్లేదు. మీకు బరువు, షుగర్ ముఖ్యం. గుంటూరు బ్రదర్ నాన్నగారికి మాత్రం గడ్డ నిజంగా ఉంది, పైగా ఉబ్బిన నరాలు పగిలి రక్తం పోకుండా బ్యాండ్లు ముందే వేశారు, అది చాలా మంచి పని.

వరంగల్_అక్క:
తమ్ముడూ, మా అమ్మకు ఎనిమిది నెలలు ఇంట్ల నేనే ఇచ్చిన. బొడ్డుకు రెండు అంగుళాలు అవతల చర్మం చిటికెడు పట్టి నిటారుగ గుచ్చాలె, సిరంజిల గాలి బుడగ ఉంటది, అది తీసేయొద్దు, ఇచ్చినంక రుద్దొద్దు. ఒకరోజు ఎడమ పక్క, ఒకరోజు కుడి పక్క. నీలం మచ్చలు పడ్తయ్, మొదట్ల నేను ఏడ్చిన గూడ. మలం తారు లెక్క నల్లగ వచ్చినా, రక్తం కక్కినా అర్ధరాత్రయినా సరే దవాఖానకు ఉరకాలె. నొప్పుల గోలీలు డాక్టర్‌ను అడగకుంట అస్సలు వెయ్యకు.

గుంటూరు_అబ్బాయి:
అక్కా, డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. ఇందాకే మొదటిది ఇచ్చాను, చెయ్యి వణికింది, నాన్నే నా మణికట్టు పట్టుకుని "కానీరా" అన్నాడు. మళ్లీ డాప్లర్ ఎన్నాళ్లకి తీయిస్తారు?

గ్యాస్ట్రో_పీజీ:
మామూలుగా మూడు నెలలకి. కిడ్నీ రిపోర్టు, అంటే క్రియాటినిన్, మధ్యమధ్యలో చూపించండి, ఈ మందు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది.