బిబ్లియోగ్రఫీలో తెలుగు లింకులు మార్జిన్ దాటి పోతున్నాయి. లేటెక్ తెలిసినవాళ్లు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో హైస్కూల్ టీచర్ని. బడి వదిలాక, సెలవుల్లో, పీహెచ్‌డీ లాక్కొస్తున్నాను. మా వారపు సంతల్లో సవరలు, తెలుగువాళ్లు, ఒడియావాళ్లు బేరమాడుకునేటప్పుడు ఒకరి మాటలు ఇంకొకరి నోట్లోకి ఎలా వచ్చాయన్నది విషయం. థీసిస్ తెలుగులోనే. మొదట వర్డ్‌లో మొదలుపెట్టాను. ఫుట్‌నోట్లు 200 దాటాక ఫైలు తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేసేదాన్ని. అందుకని జీలేటెక్‌కి మారాను (కమాండులు రాస్తే పేజీలు పేర్చి పీడీఎఫ్ చేసిపెట్టే లేటెక్‌లో ఒక రకం), బిబ్లియోగ్రఫీకి, అంటే చివర వచ్చే ఆధారాల పట్టికకి, బిబ్‌టెక్.

మొన్న ఆదివారం ఇక్కడ కరెంటు లేకపోతే పాతపట్నం వెళ్లి ప్రింటు తీయించాను. షాపబ్బాయి చివరి పేజీలు చేతికిస్తూ, "మేడం, ఇవి మీవేనా? సగం అక్షరాలు కాగితం బయటికి పోయాయి" అన్నాడు. చూస్తే నిజమే. పర్లాకిమిడి గురించిన తెలుగు వికీపీడియా పేజీ అడ్రసు ఒకే వరస, మధ్యలో ఎక్కడా విరగలేదు, కుడి అంచు దాటి వెళ్లిపోయింది. బ్రౌజర్లో చక్కగా తెలుగులో కనపడే అడ్రసు, కాపీ చేసి అతికిస్తే శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లిషు అక్షరాల దండ అయిపోతోంది. పోనీ అని చేత్తో తెలుగులోనే టైపు చేశాను. అప్పుడింకా ఘోరం: ఒత్తులు ఒకచోట, గుడులు ఒకచోట.

ఇంకో వింత. కొన్ని ఎంట్రీల్లో యూఆర్ఎల్ అనే ఫీల్డులో అడ్రసు పెట్టాను, పీడీఎఫ్‌లో అసలు రానేలేదు. ఎర్రర్ కూడా చూపించలేదు. ఎర్రర్ వస్తే కనీసం తిట్టుకోవచ్చు.

వీటికి తోడు ఒక ప్రభుత్వ సైటులోంచి తీసుకున్న పీడీఎఫ్ లింకులు మూడు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. సైటు కొత్తగా కట్టారట, పాత అడ్రసులన్నీ పోయాయి. మా గైడుగారు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి "ఇది ఎక్కడుంది?" అని రాశారు. ఏం చెప్పను? ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యాలి. వెబ్ లింకులన్నీ తీసిపారేద్దామా అనిపిస్తోంది, అంత టెన్షన్‌గా ఉంది.

జయపురం డీటీపీ:

మేడం గారూ, తీసెయ్యకండి. బిబ్‌టెక్ వదిలేసి, అదే పని కొత్తరకంగా చేసే బిబ్‌లేటెక్ ప్యాకేజీ పెట్టుకోండి, వెనకాల బైబర్ అనే ప్రోగ్రాం నడుస్తుంది. అందులో ఆన్‌లైన్ అని ఎంట్రీ రకమే విడిగా ఉంది. యూఆర్ఎల్‌కి ఒక ఫీల్డు, చూసిన తేదీకి యూఆర్ఎల్‌డేట్ అని ఇంకో ఫీల్డు. అడ్రసు ఎక్కడ విరగాలో చెప్పడానికి సెట్టింగులూ ఉన్నాయి. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ల థీసిస్‌లన్నీ నేను అలాగే చేసిస్తున్నాను. ఒక పూట పని.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఆ పూట నాకు లేదండీ. మా యూనివర్సిటీ వాళ్లు ఒక టెంప్లేట్ ఇచ్చారు, బిబ్‌టెక్‌లో ప్లెయిన్ అనే స్టైలు మీద కట్టింది. దాన్ని ముట్టుకుంటే ఫార్మాట్ చెకింగులో వెనక్కి పంపుతారు. కిందటేడాది నాతోటి ఆవిడ స్టైలు మార్చుకుంటే రెండుసార్లు తిప్పారు. ఉన్నదాంట్లోనే దారి చెప్పండి.

గుణుపూరు ప్యాసింజర్:

అమ్మా, నేను రిటైర్డు లెక్కల మాస్టారిని. ఇప్పుడు ఫోన్లో రాస్తున్నాను, కోడ్ పెట్టలేను, నోటితో చెప్పినట్టు చెబుతాను.

ముందు మీ ఎర్రర్ రాని వింత. బిబ్‌టెక్ 1985 నాటిది. అప్పటికి వెబ్ పుట్టనే లేదు. అందుకని పాత ప్లెయిన్ స్టైలుకి యూఆర్ఎల్ అనే ఫీల్డు తెలీదు. తెలియని ఫీల్డు కనిపిస్తే అది గొడవ చెయ్యదు, పక్కన పెట్టేస్తుంది. పిలవని పేరంటానికి వచ్చినవాళ్లని చూడనట్టు నటించడం లాంటిది. మీరు వెబ్ పేజీలకి మిస్క్ (ఇతరాలు) రకం ఎంట్రీ వాడి, అడ్రసుని హౌపబ్లిష్డ్ ఫీల్డులో బ్యాక్‌స్లాష్ యూఆర్ఎల్ కమాండులో పెట్టండి. చూసిన తేదీ నోట్ ఫీల్డులో. అయితే పుస్తకం ఎంట్రీలకి ఈ ఉపాయం పనిచెయ్యదు, ప్లెయిన్ స్టైలు పుస్తకానికి హౌపబ్లిష్డ్ చదవదు. అక్కడ అడ్రసు కూడా నోట్‌లోనే పెట్టాలి. రచయిత స్థానంలో సంస్థ పేరుంటే రెండు జతల మీసాల బ్రాకెట్లు వెయ్యండి. లేకపోతే "ఒడిశా ప్రభుత్వం" అన్నచోట ప్రభుత్వాన్ని ఇంటిపేరు అనుకుని ఆ వరసలో పెట్టేస్తుంది.

ఇక మార్జిన్ సంగతి. పర్లాకిమిడి అన్న మాట మనకి అయిదక్షరాలు. యూనికోడ్‌లో గుడులు, దీర్ఘం, పొల్లు అన్నీ విడిగా లెక్కపెడితే 11. తెలుగులో ఒక్కోదానికి మూడు బైట్లు. అడ్రసులో ఒక్కో బైటుకి ఒక శాతం గుర్తు, వెనక రెండు గుర్తులు, అంటే మూడేసి. 11 ఇంటూ 9, మొత్తం 99. ఊరి పేరొక్కటే 99 గుర్తులు! మామూలు యూఆర్ఎల్ ప్యాకేజీ ఏటవాలు గీత దగ్గర, చుక్క దగ్గర విరుస్తుందిగానీ శాతం గుర్తు దగ్గర విరవదు. అందుకే మీ దండ తెగలేదు. ఎక్స్‌యూఆర్ఎల్ అనే ప్యాకేజీ పెట్టండి, అది ఏ గుర్తు దగ్గరైనా విరుస్తుంది. ప్రియాంబుల్‌లో, అంటే ఫైలు మొదట్లో సెట్టింగులు రాసే చోట, ఒక్క లైను. టెంప్లేట్ స్టైలు ఫైలు ముట్టుకున్నట్టు కాదు. అడ్రసుని తెలుగు అక్షరాల్లో టైపు చెయ్యడం మాత్రం మానేయండి. ఆ కమాండు ఒక్కో గుర్తునీ లెక్కల ఫార్ములాలో అంకెల్లా విడివిడిగా పేరుస్తుంది, ఒత్తు దేనికి తగలాలో దానికి తెలీదు.

వికీపీడియాకి ఇంకా సుఖమైన దారి ఉంది. పేజీ పక్కన పనిముట్లలో శాశ్వత లింకు అని ఉంటుంది. నొక్కితే అడ్రసులో ఓల్డ్‌ఐడీ అని ఒక అంకె వస్తుంది. మధ్యలో ఉన్న పేజీ పేరు చెరిపేసి, ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ, ప్రశ్న గుర్తు, ఓల్డ్‌ఐడీ, ఆ అంకె మాత్రం ఉంచితే చాలు. శాతం దండ మాయం. పైగా అది మీరు చదివిన రోజున పేజీ ఎలా ఉందో అదే చూపిస్తుంది. రేపు ఎవరో వచ్చి పేజీ తిరగరాసినా మీ గైడుగారికి మీరు చూసిందే కనబడుతుంది.

చెరువుగట్టు:

మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ ఫుట్‌నోట్లో ఆ శాతం గుర్తుల అడ్రసు పెడితే మళ్లీ దెబ్బే. ఫుట్‌నోట్ లోపల శాతం గుర్తుని వదిలెయ్యాల్సిన కామెంట్ అనుకుని ఆ లైనులో మిగతాదంతా మింగేస్తుంది, కంపైల్ ఆగిపోతుంది. యూఆర్ఎల్‌డెఫ్ కమాండుతో బయటే ఆ అడ్రసుకి ఒక పేరు పెట్టుకుని, ఫుట్‌నోట్లో ఆ పేరు పిలవండి. నేను దీనికి రెండు రాత్రులు తగలేశాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అదన్నమాట! మూడో అధ్యాయం కంపైల్ అవకపోవడానికి కారణం అదే. నేను ఫాంటుని తిట్టాను. మరి చచ్చిపోయిన లింకులు? ఇంకోటి, గిడుగు రామమూర్తి గారి సవర నిఘంటువు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కానే చూశాను. దాన్ని వెబ్ పేజీ అనాలా, పుస్తకం అనాలా?

గుణుపూరు ప్యాసింజర్:

పుస్తకమే. వెబ్‌లో చూసినంత మాత్రాన అది వెబ్ పేజీ అయిపోదు, 1938 నాటి పుస్తకం 1938 పుస్తకమే. సంవత్సరం చోట ఎవరో స్కాన్ ఎక్కించిన సంవత్సరం వేసిన థీసిస్‌లు చూశాను. చదివితే గిడుగు వారు పోయిన (1940) తర్వాత ఎన్నో ఏళ్లకి లేచి వచ్చి నిఘంటువు రాసినట్టుంటుంది. పుస్తకం ఎంట్రీ, నోట్‌లో స్కాన్ అడ్రసు. చూసిన తేదీ కూడా అక్కర్లేదని నా అభిప్రాయం, స్కాన్ రోజుకోరకంగా మారదు కదా.

చచ్చిన లింకులకి, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. పాత అడ్రసు అక్కడ పెడితే ఏ తేదీల్లో దాచారో క్యాలెండర్ చూపిస్తుంది. దొరికితే ఆ అడ్రసే ఇవ్వండి. అందులో 14 అంకెలుంటాయి: సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. దొరకనివాటికి శీర్షిక, ప్రచురించిన సంస్థ, పేజీ నంబరు, మీరు దించుకున్న తేదీ రాసి, మీ దగ్గరున్న కాపీని అనుబంధంలో పెట్టండి. బతికున్న లింకుల్ని మాత్రం ఈ రాత్రే అక్కడ సేవ్ చేసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారూ, మూడింటిలో రెండు దొరికాయి. 2016లో దాచిన కాపీ ఒకటి, 2019ది ఒకటి. మూడోది లేదు. నేను సంతకి తీసుకెళ్లిన ప్రింటవుట్ ఉంది, దాని మీద చింతపండు మరకలు. అనుబంధంలో అదే స్కాన్ చేసి పెడుతున్నాను.

నిఘంటువు ఎంట్రీ చూసుకుంటే నేనూ ఆ తప్పే చేశాను, 1938 బదులు ఎక్కించిన సంవత్సరం వేశాను. సవరల మాటల మీద థీసిస్, గిడుగు గారి మీదే పొరపాటు. ఆయన ఇదే ఊళ్లో పాఠాలు చెప్పారు కూడానూ.

ఎక్స్‌యూఆర్ఎల్ పెట్టాను, అంచు దాటిన లైన్లు పోయాయి. ఒక్కటి మాత్రం ఇంకా రెండు గుర్తుల మేర బయటికి తొంగిచూస్తోంది, అది ఏదో పత్రిక లింకు. ఆ ఎంట్రీ నిజంగా అవసరమా అని చూస్తే, థీసిస్‌లో ఎక్కడా దాన్ని వాడలేదు, ఊరికే నోసైట్ అనే కమాండుతో పట్టికలోకి లాగి పెట్టాను. తీసేశాను.

జయపురం డీటీపీ:

మేడం, ఫైనల్ ప్రింటు మా దగ్గర తీయించుకోండి అందామనుకున్నాను, మీకు పాతపట్నమే దగ్గర కదా. పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు లింకుల చుట్టూ వచ్చే ఎర్ర డబ్బాలు తీసేయండి, లింకులు నొక్కితే తెరుచుకునేలా చేసే హైపర్‌రెఫ్ ప్యాకేజీలో హైడ్‌లింక్స్ అని పెడితే పోతాయి. లేకపోతే మీ గైడుగారు అవి కూడా తనే చుట్టానేమో అనుకుంటారు.