చేతి వాపుకు నీటి వ్యాయామం: కంప్రెషన్ స్లీవ్‌కు బదులా, తోడా?

సాయంకాలం:
రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో నా ఎడమ చంకలోని శోషరస గ్రంథులను తొలగించారు. అప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, ఆ చేతికి లింఫిడీమా, అంటే శోషరసం పేరుకుని వచ్చే వాపు ఉంది. పగలంతా కంప్రెషన్ స్లీవ్, అంటే చేతిని బిగుతుగా నొక్కి ఉంచే తొడుగు వేసుకుంటాను. ఇటీవల చేరిన నీటి వ్యాయామ తరగతిలో శిక్షకురాలు, నీరే సహజమైన తొడుగనీ, వారానికి మూడుసార్లు కొలనులోకి దిగేవారు స్లీవ్ మానేయవచ్చనీ చెప్పారు. నీళ్లలో ఉన్నంతసేపూ చెయ్యి దూదిపింజలా ఉన్న మాట నిజమే, కానీ ఇంటికి వచ్చేసరికి ఉంగరం వేలికి బిగుసుకుపోతోంది. ఆమె మాటను ఎంతవరకు నమ్మవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నీటిపక్షం:
నేను మీ శిక్షకురాలి వైపే మాట్లాడతాను. రక్తాన్ని నడిపించడానికి గుండె ఉంది, శోషరసానికి అటువంటి యంత్రం లేదు. నాళాల గోడల్లోని కండర పొరల సంకోచం, వెనక్కి జారనివ్వని కవాటాలు, చుట్టూ ఉన్న కండరాల కదలిక, లోతైన శ్వాస కలిసి రోజుకు సుమారు 2 నుంచి 4 లీటర్ల ద్రవాన్ని తిరిగి సిరల్లోకి చేరుస్తాయి. నీళ్లలో చేసే వ్యాయామం కండరాలను, శ్వాసను ఒకేసారి పనిలో పెడుతూనే బయటి నుంచి ఒత్తిడినీ జోడిస్తుంది. మీటరు లోతున ఆ ఒత్తిడి దాదాపు 73 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. చేతికి వేసుకునే స్లీవ్‌లు సాధారణంగా ఇచ్చేది 20 నుంచి 30 వరకే కదా. అంతకు మించిన తొడుగు ఏముంటుంది?

కొలతల టేపు:
నీటిపక్షం గారు చెప్పిన అంకె సరైనదే, కానీ అది మీటరు లోతుకు మాత్రమే వర్తించే అంకె. సాయంకాలం గారి చెయ్యి మీటరు లోతున ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు ఒత్తిడి సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. భుజాల వరకు నీళ్లలో నిలబడి చేతిని కిందికి వేలాడదీస్తే, 60 సెంటీమీటర్ల లోతున ఉండే వేళ్ల దగ్గర 44 వరకు, చంక దగ్గర దాదాపు సున్నా ఉంటుంది. ఒత్తిడిలోని ఈ వాలు మనకు కావలసిన దిశలోనే ఉంది, ద్రవం వేళ్ల నుంచి చంక వైపు నెట్టబడుతుంది. అదే మనిషి బోర్లా ఈదితే చెయ్యి 10, 20 సెంటీమీటర్ల లోతులో తిరుగుతుంది, సగం సమయం గాలిలోనే ఉంటుంది. అప్పుడు అందేది 7 నుంచి 15 మిల్లీమీటర్లు, అదీ వాలు లేకుండా. కాబట్టి "నీటి వ్యాయామం" అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులను కలిపేస్తున్నాం. ఏ భంగిమలో, ఎంత లోతులో చేశారో చెప్పకుండా నీటికి స్లీవ్‌తో పోలిక పెట్టడం సరికాదు.

అంతకంటే ముఖ్యమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. స్లీవ్ పగలంతా చేతిని అంటిపెట్టుకుని ఉంటుంది, నీటి ఒత్తిడి మాత్రం మెట్లెక్కిన క్షణంలో సున్నా అవుతుంది. ఈ పద్ధతిపై 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలు చేసిన స్త్రీలలో తరగతి ముగిసిన వెంటనే వాపు తగ్గింది, కానీ ఆ తగ్గుదల నిలవలేదు. ఇటువంటి పరిశోధనలను కలిపి చూసిన 2018 నాటి సమీక్షలోనూ, నేలపై చేసే ప్రామాణిక చికిత్స కంటే నీటి చికిత్స చేతి పరిమాణాన్ని ఎక్కువగా తగ్గించినట్టు తేలలేదు. నీళ్లలోకి దిగవద్దని నేను అనడం లేదు, స్లీవ్ మానేయమన్న సలహానే తప్పంటున్నాను. అన్నట్టు, వాపున్న చేతికి ఆ ఉంగరం ఎందుకండీ? ముందు దాన్ని తీసేయండి.

ఒక ఫిజియోథెరపిస్టు:
లెక్క విషయంలో కొలతల టేపు గారితో ఏకీభవిస్తాను, కానీ ముగింపులో కొంత తొందరపాటు కనిపిస్తోంది. సమానమైన ఫలితం అంటే పనికిరానిదని కాదు. మోకాళ్ల నొప్పితోనో, అధిక బరువుతోనో, కాలి వాపుతోనో నేలపై నాలుగు అడుగులు వేయలేనివారు మెడలోతు నీళ్లలో తమ బరువులో పదో వంతు మాత్రమే మోస్తూ అరగంట కదలగలుగుతారు. ఇంట్లో చేయమన్న వ్యాయామాన్ని రెండో వారానికే వదిలేసేవారు తరగతికి మాత్రం క్రమం తప్పకుండా వస్తారు. మీరు చెప్పిన 2010 అధ్యయనంలోనే జీవన నాణ్యత మెరుగుపడిందని ఉంది, దాన్ని మీరు వదిలేశారు.

నేను పట్టుబట్టేది వేరే విషయాల మీద. నీళ్లు గోరువెచ్చగా, 32, 33 డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకంటే బాగా వేడిగా ఉంటే చర్మపు రక్తనాళాలు విప్పారి వాపు పెరగవచ్చు. చర్మం మీద పుండు, వేళ్ల సందుల్లో ఒరుపు, ఎర్రబారి కాలుతున్న చెయ్యి ఉంటే దిగకూడదు. గుండె జబ్బు అదుపులో లేనివారు వైద్యుడిని అడగకుండా మెడలోతుకు అసలు వెళ్లకూడదు, ఎందుకంటే నీటి ఒత్తిడికి దాదాపు 700 మిల్లీలీటర్ల రక్తం ఛాతీ వైపు తరలివస్తుంది. బయటికి రాగానే వేళ్ల సందులతో సహా పూర్తిగా తుడుచుకుని, క్లోరిన్ వల్ల ఎండిపోయిన చర్మానికి మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక స్లీవ్ తొడుక్కోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. తడి చేతికి స్లీవ్ ఎక్కదు, ఎక్కనందువల్ల సంచిలోనే ఉండిపోతుంది, ఆ తర్వాతి రెండు గంటల్లోనే చెయ్యి మళ్లీ నిండుతుంది.

నీటిపక్షం:
మీటరు లోతు లెక్కను చేతికి అన్వయించడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. కాలి విషయంలో మాత్రం నా వాదనను వదులుకోను. ఛాతీలోతు నీళ్లలో నడిచేవారి చీలమండ దగ్గర ఒత్తిడి 80 మిల్లీమీటర్లకు పైగా, నడుము దగ్గర అందులో చిన్న భాగమే ఉంటుంది. ఇక ఎప్పటికప్పుడు "నిరూపణ లేదు" అని ఆపడం మొదలుపెడితే ఎవరూ ఏదీ చేయరు. లింఫిడీమా ఉన్నవారు బరువులు ఎత్తకూడదని ఏళ్ల తరబడి హెచ్చరించారు, చివరికి 2009లో వెలువడిన పరిశోధనలో పర్యవేక్షణలో నెమ్మదిగా బరువు పెంచుకున్నవారి చేతివాపు పెరగలేదని తేలింది.

కొలతల టేపు:
ఆ పరిశోధనలోని స్త్రీలు బరువులెత్తేటప్పుడు సరిగ్గా సరిపోయే కంప్రెషన్ తొడుగులు వేసుకునే ఉన్నారన్న సంగతి కూడా చెబితే బాగుండేది.

సాయంకాలం:
అందరికీ ధన్యవాదాలు. ఉంగరం తీయడానికి సబ్బు నురుగు అవసరమైంది. ఈ వారం రెండు తరగతులకు టేపు తీసుకువెళ్లి, మణికట్టు ఎముక నుంచి 12 సెంటీమీటర్ల పైన పెన్నుతో గుర్తు పెట్టుకుని కొలిచాను. చేతి చుట్టుకొలత మొదటి రోజు దిగేముందు 27.2 సెంటీమీటర్లు, తుడుచుకున్నాక 26.6, స్లీవ్ లేకుండా రెండు గంటల తర్వాత 27.3 ఉంది. రెండో రోజు దిగేముందు 27.1, బయటికి వచ్చాక 26.6 చూపించింది. ఈసారి తుడుచుకుని, మాయిశ్చరైజర్ ఇంకేవరకు పది నిమిషాలు ఆగి స్లీవ్ వేసుకున్నాను, రెండు గంటల తర్వాత 26.7 ఉంది. రెండు రోజుల కొలత ఏ పాటిదో నాకు తెలుసు. తరగతి మానడం లేదు, స్లీవ్ కూడా మానడం లేదు. శిక్షకురాలికి ఈ కాగితం చూపిస్తే, ఈదే భాగాన్ని తగ్గించి నిలబడి చేసే భాగాన్ని పెంచుదామన్నారు. స్లీవ్ గురించి మాత్రం ఇంకా ఏమీ అనలేదు.