3,400 మీటర్ల దగ్గర కొలిచిన పరిపక్వత (శిలలోని సేంద్రియ పదార్థం వేడికి పండిన స్థాయి) మోడల్ చూపేదాని కంటే ఎందుకు ఎక్కువగా ఉంది?

భూపటలం సాగి చీలడంతో ఏర్పడిన ఒక రిఫ్ట్ బేసిన్‌లోని బావికి ఏకమితీయ ఉష్ణచరిత్ర మోడల్ చేస్తున్నాను. 2,000 మీటర్ల వద్ద కొలిచిన విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (శిలలోని సేంద్రియ కణాలు కాంతిని ప్రతిఫలించే శాతం, వేడి తగిలేకొద్దీ పెరుగుతుంది) 0.55 శాతం, మోడల్ కూడా అంతే చూపుతోంది. కానీ 2,600 మీటర్లు దాటాక కొలతల రేఖ ఒక్కసారిగా వాలు మార్చుకుని, 3,400 మీటర్ల వద్ద మూలశిలలో (చమురు, వాయువు పుట్టే శిల) 1.1 శాతానికి చేరుతుండగా, మోడల్ 0.75 దగ్గరే ఆగిపోతోంది. అదే నమూనాల్లో పరిపక్వతకు మరో కొలమానమైన రాక్-ఎవాల్ టీమ్యాక్స్ (పరీక్షలో వేడిచేసినప్పుడు హైడ్రోకార్బన్లు అత్యధికంగా వెలువడే ఉష్ణోగ్రత) 458 డిగ్రీల సెల్సియస్ ఉంది కాబట్టి రిఫ్లెక్టెన్స్ కొలతను అనుమానించలేను.

డ్రిల్లింగ్ ద్రవం వల్ల కలిగిన చల్లదనాన్ని హార్నర్ పద్ధతిలో సరిచేస్తే, బావి అడుగున నేటి ఉష్ణోగ్రత 122 డిగ్రీలే. ఉష్ణప్రవాహాన్ని చదరపు మీటరుకు 60 నుంచి 75 మిల్లీవాట్లకు పెంచితే పై పొరలు కూడా అతిగా పండిపోతున్నాయి, నేటి ఉష్ణోగ్రతతోనూ పొత్తు కుదరడం లేదు. రిఫ్టింగ్ కాలపు వేడిని చేర్చి చూశాను. మూలశిల అప్పటికి లోతుకు చేరలేదు కనుక ఆ వేడి దాన్ని దాదాపు తాకనే లేదు. షేల్ ఉష్ణవాహకతను తగ్గిస్తే వంపు కొంత వస్తోంది గానీ, నేటి ఉష్ణోగ్రత మళ్ళీ పెరిగిపోతోంది. పై పొరలు ఎక్కువగా కోతకు గురయ్యాయని ఊహించడానికి సీస్మిక్ చిత్రంలో విషమవిన్యాసం (కోత జరిగిన ఉపరితలపు ఆనవాలు) ఏదీ కనిపించడం లేదు.

అందువల్ల, గతంలో వచ్చి తగ్గిపోయిన వేడే కారణమని నా అభిప్రాయం. అది కింది ఇసుకరాతి పొరలో పారిన వేడి ద్రవాలదా, లేక బావికి తగలని సమీపపు సిల్‌దా (పొరల మధ్య చొరబడి గట్టిపడిన శిలాద్రవపు పలక) అన్నది తేల్చడానికి ఈ బావి కోర్ నమూనాలపై ముందుగా ఏ పరీక్ష చేయించాలి?